ఒక్క సాక్ష్యం చాలదు

తిరుపతిలో గుండుతో వున్న స్త్రీని ఎవరూ తిరిగి చూడరు. కొండమీద కల్యాణకట్టలో తలనీలాలిచ్చి దిగివచ్చే ఆడవాళ్ళు ఈ ఊరి వీధుల్లో రోజూ కనబడుతూనే వుంటారు. వారి మధ్య క్యాన్సర్ మందులకు జుట్టు రాలిపోయినవాళ్ళు కూడా నడుస్తుంటారు. దేవస్థానం ఆధ్వర్యంలోని స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచీ ఇక్కడ పనిచేస్తున్నది. 2022లో అలిపిరి దగ్గర టాటా ట్రస్టులు దేవస్థానంతో కలిసి కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా తెరుచుకున్నది. రాయలసీమ పల్లెల నుంచీ, అటు తమిళనాడు సరిహద్దు నుంచీ రోగులు వస్తారు. చికిత్సకు వచ్చినవాళ్ళలో చాలామంది కొండకూ వెళతారు. తగ్గితే మళ్ళీ వచ్చి మొక్కు చెల్లిస్తారు, తగ్గిందని పదిమందికీ చెబుతారు.

భక్తిని వెక్కిరించడానికి నేనీ ప్రస్తావన తేలేదు. కష్టంలో వున్న మనిషికి ధైర్యం ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకునే హక్కు వుంది. నా ప్రశ్న కేవలం లెక్కకు సంబంధించింది. తగ్గినవాళ్ళు తిరిగివచ్చి చెబుతారు. తగ్గనివాళ్ళు తిరిగిరారు, వాళ్ళ తరఫున చెప్పేవాళ్ళూ వుండరు. కాబట్టి మన చెవికి చేరేవన్నీ తగ్గిన కథలే. ఆకుపసరు ఇచ్చే నాటువైద్యుడి ఖ్యాతి ఇలాగే పెరుగుతుంది. నవ్వుతున్న రోగి ఫోటో వేసి రోడ్డుపక్క పెద్ద బోర్డు పెట్టే ప్రైవేటు ఆసుపత్రి ప్రచారమూ ఇలాగే సాగుతుంది. బోర్డు మీద ఎవరూ పోయినవాళ్ళ ఫోటో వెయ్యరు.

సాహిత్య పత్రికలో ఈ గొడవ దేనికని మిత్రులు అడగవచ్చు. 'శాస్త్రీయ దృక్పథం' అనే మాట మన పీఠికల్లో, సమీక్షల్లో, తీర్మానాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. శాస్త్రం మీద మనకు గౌరవం వుంది. అయితే శాస్త్రం ఒక సంగతిని 'తెలుసుకున్నాను' అని ఏ ఆధారం మీద అంటుందో వివరించే రచనలు మాత్రం కొడవటిగంటి కుటుంబరావు, మహీధర నళినీమోహన్ వంటివారి తర్వాత పలచబడ్డాయి. కథకుడికి ఒక మనిషి చాలు. ఒక్క రైతు బతుకుతో వెయ్యిమంది రైతుల్ని చూపించగలగడం కథకు వున్న శక్తి. అదే అలవాటుతో విజ్ఞానశాస్త్రాన్ని రాస్తే పాఠకుడు మోసపోతాడు. నేను తెలుగు చదువుకున్నవాణ్ణి, తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. అందుకే వైద్యుడు చెప్పినట్టు కాక, పాఠం చెప్పినట్టుగా మూడు ఉదాహరణలు పరిశీలిస్తాను. ఒకటి భూకంపం, ఒకటి పసిపిల్లల హార్మోను, ఒకటి రొమ్ము క్యాన్సర్. మూడింటిలోనూ జరిగేది కంటికి కనబడకుండా జరుగుతుంది. మూడింటినీ పట్టించేది కొలత. కొలతకు అర్థమిచ్చేది పోలిక.

గౌరీబిదనూరు చెప్పే పాఠం

హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే గౌరీబిదనూరు వస్తుంది. కన్నడంతో పాటు తెలుగూ వినిపించే ఊరు. అక్కడ 1965లో మన అణుశక్తి శాఖ, బ్రిటిష్ అణుశక్తి సంస్థ సహకారంతో ఒక భూకంప నమోదు కేంద్రాన్ని నెలకొల్పింది. 1963 నాటి ఒప్పందం తర్వాత అణుపరీక్షలు భూగర్భంలోకి దిగాయి. ఎక్కడో వేల మైళ్ళ దూరంలో భూమికింద పేలిన బాంబును ఇక్కడి రాతినేల మీద పసిగట్టడం ఆ కేంద్రం ప్రధాన ఉద్దేశం.

సీస్మోమీటరు సూత్రం మన బడిపిల్లలకు కూడా అర్థమయ్యేదే. ఒక బరువును స్ప్రింగుకు వేలాడదీస్తే, నేల కదిలినప్పుడు చట్రం కదులుతుంది. బరువు జడత్వం వల్ల వున్నచోటనే వుండజూస్తుంది. ఆ రెంటి మధ్య తేడాయే కొలత. చిక్కు ఎక్కడంటే, ఈ పరికరానికి అన్నీ ఒకటే. పక్కన ఎడ్లబండి పోయినా కదులుతుంది, రైలు పోయినా కదులుతుంది, గాలికి చెట్టు ఊగి వేళ్ళు నేలను కదిపినా కదులుతుంది. దూరపు పేలుడు తాలూకు సన్నని అల ఈ రొదలో మునిగిపోతుంది.

అందుకే గౌరీబిదనూరులో ఒకటి కాదు, ఇరవై పరికరాలు పెట్టారు. వాటిని ఇంగ్లీషు 'ఎల్' అక్షరం ఆకారంలో, రెండు చేతులుగా కిలోమీటర్ల కొద్దీ పరిచారు. ఎడ్లబండి ఒక పరికరాన్నే కదిలిస్తుంది, మిగతావాటికి దాని ఊసే తెలియదు. దూరం నుంచి వచ్చే అల ఇరవైంటినీ ఒక వరసలో, ముందే లెక్కగట్టగల వ్యవధితో తాకుతుంది. ఆ వ్యవధిని సరిచేసి ఇరవై నమోదుల్నీ కలిపితే అల ఇరవై రెట్లవుతుంది. రొద మాత్రం ఒకచోట పైకి, ఒకచోట కిందికి వుండి ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటూ నాలుగున్నర రెట్లే పెరుగుతుంది. మునిగిన అల పైకి తేలుతుంది. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకుంటే, తర్వాత వైద్యపరిశోధన గురించి చెప్పేది సులభంగా అర్థమవుతుంది.

భూకంప వార్తల్లో మన పత్రికలు చేసే ఒక పొరపాటును కూడా ఇక్కడే చెప్పాలి. 1935లో రిక్టర్ ప్రతిపాదించిన కొలమానంలో 5 తర్వాత 6 అంటే ఒక మెట్టు అని రాస్తారు. ఒక్క అంకె పెరిగితే అల ఎత్తు పదింతలవుతుంది, విడుదలయ్యే శక్తి సుమారు ముప్ఫైరెండింతలవుతుంది. రెండంకెలు పెరిగితే శక్తి వెయ్యింతలు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలో వచ్చింది 5.7. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చింది 6.2. చూడడానికి అర అంకె తేడా. కిల్లారిలో చచ్చినవాళ్ళు సుమారు పదివేలు. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడల కింద, నిద్రలోనే పోయారు.

అప్పటి భూకంప పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదం గల ఒకటవ మండలంలో వుండేది. అక్కడ పెద్ద భూకంపం వచ్చిన దాఖలా లేదు కనక ప్రమాదం లేదనుకున్నారు. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఆ ఒకటవ మండలాన్నే తీసేశారు. నమోదు కాకపోవడమూ, లేకపోవడమూ ఒకటి కావని తెలుసుకోవడానికి పదివేల ప్రాణాలు పోయాయి. ఈ మాట రోగాలకు కూడా వర్తిస్తుంది. 'మా పల్లెలో ఆ జబ్బు లేదు' అనే మాటకు తరచుగా వున్న అర్థం, ఆ పల్లెలో పరీక్ష చేసినవాళ్ళు లేరని.

మడమలోంచి ఒక చుక్క

బడిపంతులుగా నన్ను ఎక్కువగా కదిలించేది ఈ రెండో ఉదాహరణ. మెడలోని థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగా పనిచెయ్యని శిశువులు కొందరుంటారు. పుట్టినప్పుడు చూస్తే వాళ్ళు అందరి పిల్లల్లాగే వుంటారు. తల్లి రక్తం ద్వారా అందిన హార్మోను కొంతకాలం లోటును కప్పివేస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఎదుగుదల మందగిస్తుంది, మెదడు పెరగవలసినంత పెరగదు. లక్షణాలు స్పష్టంగా కనబడేసరికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. అలాంటి బిడ్డ బడికి వస్తే వెనకబెంచీలో కూర్చుంటుంది, 'మొద్దు' అనిపించుకుంటుంది. కారణం ఎవరి కర్మలోనూ లేదు, రక్తంలో వుంది.

దీన్ని పట్టే పద్ధతి చిన్నది. థైరాయిడ్ సరిపడా స్రవించకపోతే, మెదడు కింద వున్న పిట్యూటరీ గ్రంథి 'ఇంకా కావాలి' అని గొంతు పెంచుతుంది. ఆ గొంతే టి.ఎస్.హెచ్. అనే హార్మోను. శిశువు మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి, వడపోత కాగితం మీద ఆరబెట్టి, ఆ హార్మోను ఎంతుందో కొలుస్తారు. ఎక్కువగా వుంటే మళ్ళీ పరీక్షించి, నిజమైతే థైరాక్సిన్ మాత్ర మొదలుపెడతారు. చాలా చవకైన మాత్ర. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది.

ఇంత సులభమైన కొలతలో కూడా పోలిక లేనిదే అడుగు పడదు. పుట్టిన మొదటి రోజు ప్రతి శిశువులోనూ టి.ఎస్.హెచ్. ఒక్కసారిగా పైకి లేస్తుంది. తల్లి గర్భంలోని వెచ్చదనం నుంచి బయటి చలికి వచ్చినందుకు శరీరం చేసుకునే ఏర్పాటు అది. ఆ రోజు కొలిస్తే ఆరోగ్యంగా వున్న బిడ్డ కూడా రోగిలా కనబడుతుంది. కాబట్టి నలభై ఎనిమిది గంటలు దాటాక రక్తం తీయడం మంచిదంటారు. ఒకే అంకె మొదటి రోజున మామూలు, నాలుగో రోజున ప్రమాదసూచన. వేల శిశువుల్ని రోజులవారీగా కొలిచి పోల్చినందువల్లే ఈ సంగతి తెలిసింది.

ఎంతకు మించితే అనుమానించాలనే గీత కూడా ప్రకృతి గీసి ఇచ్చింది కాదు. గీత మరీ కింద గీస్తే ఎందరో తల్లులు ఊరికే హడలిపోతారు. మరీ పైన గీస్తే కొందరు బిడ్డలు చేజారిపోతారు. ఏ తప్పును సమాజం భరించగలదో ఆలోచించి గీత గీయాలి. విజ్ఞానశాస్త్రంలో మానవ విలువలు ప్రవేశించే స్థలాల్లో ఇదొకటి.

భారత వైద్య పరిశోధనా మండలి హైదరాబాదుతో సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా నవజాత శిశువుల్ని పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రచురించింది. సుమారు ప్రతి 1,130 మందిలో ఒకరికి ఈ లోపం వుందని తేలింది. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుడతారు. పాఠకులు తామే భాగించి చూడవచ్చు. అయినా ప్రతి శిశువుకూ తప్పనిసరిగా చేసే పరీక్షగా దేశమంతటా ఇది ఇంకా అమలు కాలేదు.

కత్తి, మందు, చెయ్యి

ఇక రొమ్ము క్యాన్సర్. హార్మోన్ల కథ ఇక్కడా వుంది. 1896లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ వున్న స్త్రీకి అండాశయాలు తీసివేస్తే గడ్డ కరిగిపోయిందని ప్రకటించాడు. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఇంకా ఎవరికీ తెలియని కాలం. గొప్ప పరిశీలనే, అయితే ఒక్క సాక్ష్యం. తర్వాత ఎందరికో అదే శస్త్రచికిత్స చేసి లెక్కిస్తే సుమారు మూడోవంతు మందికే ఫలితం కనబడింది. మిగతా రెండువంతుల మందికి ఎందుకు పనిచెయ్యలేదనే ప్రశ్న దశాబ్దాల పరిశోధన నడిపింది. కొన్ని గడ్డల కణాల్లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాలు వుంటాయనీ, కొన్నింటిలో వుండవనీ చివరకు తేలింది. ఈనాడు గడ్డ ముక్క తీసి చేసే పరీక్షల్లో గ్రాహకాల పరీక్ష ముఖ్యమైనది. ఫలితాన్ని బట్టి టామాక్సిఫెన్ వంటి మందు ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తారు. ఆ మూడోవంతు మందిని గురించే రాసి, తగ్గనివాళ్ళను మరిచిపోయివుంటే ఈ జ్ఞానం పుట్టేది కాదు.

కత్తి కథ ఇంకా గుణపాఠం. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు 1890లలో ఒక పద్ధతి స్థిరపరిచాడు. రొమ్ముతో పాటు కింది ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసివేయడం ఆ పద్ధతి. ఎంత ఎక్కువ కోస్తే అంత భద్రమని దాదాపు ఎనభై ఏళ్ళు లోకం నమ్మింది. స్త్రీలు చెయ్యి ఎత్తలేని స్థితిలో బతికారు. బెర్నార్డ్ ఫిషర్ అనే వైద్యుడు 1970లలో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. ఒక పరిశోధనలో పద్ధెనిమిది వందల మందికి పైగా స్త్రీలను చీట్లు వేసినట్టుగా జట్లుగా విడదీసి, కొందరికి రొమ్ము పూర్తిగా తీశారు, కొందరికి గడ్డవరకే తీశారు, ఇంకొందరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. 1985లో వచ్చిన ఫలితాల్లో, 2002లో ఇరవై ఏళ్ళ ఫలితాల్లో కూడా ఆయుర్దాయంలో తేడా లేదు. గడ్డ మాత్రమే తీసినచోట రొమ్ములో మళ్ళీ గడ్డ రావడాన్ని రేడియేషన్ బాగా తగ్గించింది. పెద్ద డాక్టరు మాట అనే ప్రమాణం లెక్క ముందు నిలవలేదు.

మందు కథలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశాడు. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. చూడడానికి దానిలాగే వుండి, దాని స్థానంలో చొరబడి పనిచెడగొట్టే పదార్థాలను ఆయన బృందం తయారు చేసింది. త్వరత్వరగా విభజన చెందే క్యాన్సర్ కణం వాటి దెబ్బకు ఎక్కువగా గురవుతుంది. మెథోట్రెక్సేట్ అలా వచ్చింది. సుబ్బారావు 1948లో చనిపోయాడు. 1976లో ఇటలీలోని మిలాన్ నుంచి బొనడోనా బృందం, మెథోట్రెక్సేట్‌తో సహా మూడు మందుల కలయికను రొమ్ము శస్త్రచికిత్స తర్వాత ఇచ్చి చూసిన ఫలితాలు ప్రకటించింది. మందులు పొందిన 207 మందిలో 5.3 శాతం మందికి, శస్త్రచికిత్స మాత్రమే జరిగిన 179 మందిలో 24 శాతం మందికి రోగం తిరగబెట్టింది. మన పత్రికలు సుబ్బారావు జయంతికి 'మనవాడు' అని గర్వపడతాయి. ఆయన మందు ఎలా పనిచేస్తుందో, ఆ 179 మంది స్త్రీలు లేకపోతే 5.3 అనే అంకెకు అర్థమే లేదనీ రాసిన వ్యాసం నా కంటపడలేదు.

మనకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ముంబయిది. యంత్రాలతో తీసే మామోగ్రామ్ పేదదేశంలో అందరికీ అందదు. చేత్తో తడిమి చూస్తే సరిపోతుందా అని టాటా మెమోరియల్ ఆసుపత్రి పరిశోధకులు 1998లో మురికివాడల్లో పరిశీలన మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ళ మధ్య వయసుగల 1,51,538 మంది స్త్రీలు. ఇరవై వాడల్లో పదింటిని చీటీ పద్ధతిన ఎంచి, పదో తరగతి చదివిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి, రెండేళ్ళకోసారి నాలుగు విడతలు పరీక్ష చేయించారు. మిగతా పది వాడల్లో ఒక విడత క్యాన్సర్ గురించి చెప్పి వదిలారు.

2021లో ఫలితాలు వచ్చాయి. ముదిరిన దశలో బయటపడినవి పరీక్షించిన వాడల్లో 37 శాతం, మిగతావాటిలో 47 శాతం. రొమ్ము క్యాన్సర్ మరణాలు ఇటు 213, అటు 251. పదిహేను శాతం తగ్గినట్టు కనబడుతుంది గాని, ఆ తేడా కాకతాళీయంగా కూడా రావచ్చునని గణితం చెప్పింది. యాభై దాటిన స్త్రీలలో మాత్రం దాదాపు ముప్ఫై శాతం తగ్గుదల, అది కాకతాళీయమని తోసిపుచ్చలేనిది. 'చేతిపరీక్ష క్యాన్సర్‌ను జయించింది' అని శీర్షిక పెట్టినా తప్పే, 'చేతిపరీక్ష దండగ' అన్నా తప్పే. పదో తరగతి చదివిన ఒక ఆడమనిషి చెయ్యి, ఒక వయసు దాటిన స్త్రీల విషయంలో ప్రాణాలు కాపాడగలదు. ఉన్నదున్నట్టు రాస్తే ఇది ఏ శీర్షికకన్నా పెద్ద వార్త.

పోలికగా నిలబడినవాళ్ళు

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న వుంది. పరీక్ష జరగని ఆ పది వాడల స్త్రీలు ఎవరు? వాళ్ళు పేదవాళ్ళు. ఇలాంటి పరిశోధనల్లో ఒక జట్టును పరీక్ష లేకుండా వదలడం న్యాయమా అని వైద్యలోకంలోనే తీవ్రమైన వాదం జరిగింది. మేలు చేస్తుందో లేదో ఎవరికీ తెలియనిదాన్ని తెలుసుకోవడానికి పోల్చడం వేరు. మేలని తేలినదాన్ని దాచిపెట్టి పోల్చడం వేరు. ఏది ఏదో ప్రతి సందర్భంలోనూ విడిగా అడగవలసిందే.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ స్త్రీల ఉదంతం ఇంతకన్నా చేదైనది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ఒక మందు పరీక్షకోసం పేద స్త్రీలను డబ్బు ఇస్తామని హైదరాబాదులోని ఒక ప్రైవేటు పరిశోధనా సంస్థకు తీసుకుపోయారు. తర్వాత తమ ఆరోగ్యం చెడిందని వాళ్ళు బయటపడి చెప్పారు. విచారణ జరిగింది, కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థ అనుమతిని నిలిపివేశాడు. చవక మందు రక్తంలో అసలు మందులాగే చేరుతుందా అని చూసే పరీక్ష అవసరమైనదే. అది లేకపోతే చవక మందులే వుండవు. అయితే ఇంట్లో బియ్యం లేని స్త్రీ పెట్టిన సంతకాన్ని 'సమ్మతి' అనవచ్చునా? 2013 నుంచి కొన్ని పరీక్షల్లో సమ్మతి తీసుకునేటప్పుడు దృశ్య, శ్రవణ రికార్డు వుండాలని నియమం వచ్చింది. మంచిదే. అయితే ఆమెకు చదివి వినిపించే కాగితం ఏ తెలుగులో వుంటుందన్నది రచయితలకు సంబంధించిన ప్రశ్న. 'యాదృచ్ఛికీకరణ' అని రాస్తే ఆమెకు ఏం తెలుస్తుంది? 'చీటీ వేసి ఎంచుతాం, మీకు ఏ మందు వస్తుందో మాకూ తెలియదు' అంటే తెలుస్తుంది.

చెప్పడానికి మాట

మన భాషకు మరో బాకీ కూడా వుంది. ప్రబంధకవులు స్తనవర్ణనకు కొండలను, బంగారు కుండలను, చక్రవాకాలను, ఏనుగు కుంభస్థలాలను దేన్నీ వదల్లేదు. కుచములు, పయోధరములు, వక్షోజములు అని పర్యాయపదాలు మేము ఎం.ఏ.లో కంఠస్థం చేశాం. ఇంత సంపద వుండీ, ఒక స్త్రీ తన రొమ్ములో గడ్డ వుందని ఇంట్లో చెప్పుకోవడానికి సంకోచం లేని మాటను మన సాహిత్యం ఇవ్వలేకపోయింది. వర్ణించినదంతా చూసేవాడి వైపునుంచే గాని, ఆ శరీరం మోసేదాని వైపునుంచి కాదు.

నాతో పనిచేసిన ఒక లెక్కల టీచరు గడ్డ తగిలిన ఎనిమిది నెలలకు గాని ఆసుపత్రికి వెళ్ళలేదు. చదువుకున్న మనిషి, పదో తరగతికి పాఠం చెప్పే మనిషి. ఇంత ఆలస్యం ఎందుకమ్మా అని తర్వాత ఎప్పుడో అడిగితే, "ఎట్ల చెప్పేది సార్? మా ఆయనకే చెప్పలేకపోతిని. నొప్పి గూడ లేకపాయె. ఆ మాట నోట్లోంచి రావద్దా?" అన్నది. చికిత్స బాగా జరిగింది, ఆమె రిటైరై హాయిగా వున్నారు. అందరి సంగతీ అలా వుండదని నేను మొదటే చెప్పిన లెక్క గుర్తుచేస్తున్నది.

నొప్పి లేకపోవడమే ఇక్కడి ప్రమాదం. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పిలేని గట్టి గడ్డ, చర్మం లోపలికి గుంటపడడం, చనుమొన లోపలికి పోవడం, దాన్నుంచి రక్తం కారడం, చంకలో గడ్డ — ఇవి కనబడితే ఆలస్యం చెయ్యకూడదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువభాగం కావు కూడా. తేల్చేది పరీక్ష మాత్రమే. స్విమ్స్ వారి గులాబీరంగు బస్సు ఈ పరీక్షల కోసం ఊళ్ళకు వెళుతుంది. బస్సు దాకా నడిచివచ్చి నోరు విప్పడానికి కావలసిన మాటను మాత్రం బస్సు తేలేదు.

మనం చెయ్యగలిగిన పని అక్కడుంది. కథలో, కవితలో, పాఠంలో ఈ మాటలు సిగ్గులేకుండా, శృంగారం పులమకుండా వాడాలి. విజ్ఞానవార్త రాసేటప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా కలం దించకూడదు: ఎంతమందిని చూశారు? ఎవరితో పోల్చారు? తిరిగిరానివాళ్ళను లెక్కలో చేర్చారా? మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు దినపత్రిక ఇచ్చి ఈ మూడు ప్రశ్నలూ వెయ్యమంటుంటాను. మొదటివారంలోనే ఒక అమ్మాయి, జుట్టునూనె ప్రకటన చూపించి, "ఎంతమందికి పూసి చూసినారు సార్?" అని అడిగింది. శాస్త్రీయ దృక్పథం గురించి నేను చేసిన ఉపన్యాసాలన్నిటికన్నా ఆ ప్రశ్న విలువైంది.